చివరి మూత ఊడితే

కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లి, ఏ దుకాణంలోనైనా బీఎన్‌సీ కనెక్టర్ కావాలని అడిగి చూడండి. దుకాణం ఆయన తల కూడా ఎత్తడు. "ఎన్ని కెమెరాలు?" అంటాడు. ఇప్పుడు ఆ కనెక్టర్ అంటే సీసీ కెమెరాయే. 1990ల్లో అయితే ఆ ప్రశ్న ఇంకోలా ఉండేది. "ఎన్ని నోడ్లు?" అనేవాళ్లు. నోడ్ అంటే నెట్‌వర్కులో కలిపిన ఒక కంప్యూటరు. ఆబిడ్స్‌లో, చిరాగ్ అలీ లేన్‌లో, నాంపల్లి స్టేషన్ రోడ్డులో మేడమెట్లెక్కి వెళ్లే చిన్న చిన్న ఆఫీసులు ఉండేవి కదా. వాటిల్లో పదీ పన్నెండు కంప్యూటర్లను ఒకదానితో ఒకటి మాట్లాడించిన తీగ ఒకటుండేది. నల్లటి తీగ. అయిదు మిల్లీమీటర్ల మందం. గోడ అంచున పాకుతూ, బల్లల కింద దూరుతూ పోయేది. ఆ తీగ గురించి ఈ పూట చెప్పుకుందాం.

పుస్తకాల్లో దాని పేరు టెన్ బేస్ టూ. కొందరు థిన్ ఈథర్‌నెట్ అనేవాళ్లు. అమెరికాలో వేళాకోళంగా చీపర్‌నెట్ అన్నారు. మన మెకానిక్‌లు ఇవేవీ అనలేదు. కోయాక్స్ అన్నారు, అంతే. మనమూ అదే అందాం.

అసలు ఆ తీగ అవసరం ఎందుకొచ్చింది? ఒక తెలుగు డీటీపీ సెంటరు ఊహించుకోండి. నాలుగు కంప్యూటర్లు. లేజర్ ప్రింటరు మాత్రం ఒక్కటే. దాని ధర తలుచుకుంటేనే యజమానికి చెమటలు పట్టేవి, రెండోది కొనే మాటే లేదు. అందుకని ఎవరి పేజీ అయిపోతే వాళ్లు ఫ్లాపీలో ఎక్కించుకుని, ప్రింటరున్న కంప్యూటరు దగ్గరికి వెళ్లి నిలబడాలి. అక్కడ వరుస. ఆ ఫ్లాపీతో పాటు వైరస్ కూడా అన్ని కంప్యూటర్లకూ తిరిగేది.

బ్యాంకుల్లోనూ ఇదే కథ. 1984లో సి. రంగరాజన్ గారి అధ్యక్షతన ఒక కమిటీ బ్యాంకుల్లో కంప్యూటర్లు పెట్టే దారి చూపింది. అదే రంగరాజన్ గారు 1997లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు గవర్నరుగా వచ్చారు. మొదట్లో బ్యాంకు కౌంటర్లలో పెట్టిన లెడ్జరు యంత్రాలు ఎవరికి వారే. ఒక కౌంటరులో వేసిన జమ పక్క కౌంటరుకు తెలియదు. ఆ హాలంతా ఒక్క లెక్క మీదికి రావాలంటే వాటి మధ్య తీగ పడాలి. కొన్ని చోట్ల యూనిక్స్ మెషిన్ పెట్టి టెర్మినళ్లు తగిలించారు. కొన్ని చోట్ల నోవెల్ నెట్‌వేర్ సర్వరు పెట్టి, ఈ నల్ల తీగ లాగారు. చాలా కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లలోనూ అంతే. అసలు డిస్కే లేని కంప్యూటర్లు వరుసగా పెట్టేవాళ్లు. స్విచ్ వేస్తే అవి తీగలోంచే ప్రాణం పోసుకునేవి. డిస్కు ఖర్చు మిగిలేది, ఫ్లాపీ వైరస్ బెడదా తగ్గేది.

సరే, సామాను చూద్దాం. పెద్దగా ఏమీ లేదు, నాలుగే వస్తువులు. ప్రతి కంప్యూటరు లోపలా ఒక లాన్ కార్డు. దాని వీపున బయటికి కనిపించే ఒక గుండ్రటి లోహపు మూతి. ఆ మూతికి తగిలించే ఒక 'టీ'. ఇంగ్లిషు అక్షరం టీ ఆకారంలోనే ఉంటుంది. దాని కాలు కార్డుకు, రెండు చేతులూ రెండు పక్కల తీగలకు. తరవాత తీగ ముక్కలు, ఒక టీ చేతి నుంచి పక్క కంప్యూటరు టీ చేతికి. అలా మొదటి కంప్యూటరు నుంచి చివరి కంప్యూటరు దాకా. ఇక నాలుగో వస్తువు, అన్నిటికన్నా చిన్నది. మొదటి టీకి ఒక చెయ్యి ఖాళీగా మిగులుతుంది కదా. చివరి టీకీ అంతే. ఆ రెండు ఖాళీ చేతులకూ రెండు మూతలు. వాటి పేరు టెర్మినేటర్లు. బొటనవేలి గోరంత ఉంటాయి. లోపల ఒక్క రెసిస్టరు, అంతే సరుకు.

హబ్బు లేదు. స్విచ్ లేదు. పెట్టె లేదు. కరెంటు ప్లగ్గూ లేదు. కార్డులు, టీలు, తీగ, రెండు మూతలు. ఇదీ నెట్‌వర్కు.

ఇక్కడ ఒక్క సంగతి పట్టుకుంటే మిగతాదంతా అదే విడిపోతుంది. తీగ ఒక్కటే. ఎవరికి వారికి వేరే తీగ లేదు. ఆఖరి బల్ల దగ్గర కూర్చున్న టైపిస్టు పంపిన అక్షరం మొదటి బల్ల దాకా పోతుంది, మధ్యలో అందరి కార్డుల ముందు నుంచీ పోతుంది. ఎవరి పేరు మీద వచ్చిందో వాళ్ల కార్డు తీసుకుంటుంది. మిగతావి వదిలేస్తాయి. మళ్లీ చెబుతున్నాను, తీగ అందరిదీ.

అందుకే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకు మొదటి రోజే ఒక పాఠం చెప్పేవాళ్లు. కంప్యూటరు జరపాల్సి వస్తే, టీని కార్డు నుంచి ఊడదీయొచ్చు. టీ చేతులకు తీగలు అలాగే ఉండనివ్వాలి. అప్పుడు ఆ ఒక్క కంప్యూటరే బయటికి పోతుంది, మిగతావాళ్ల పని సాగుతుంది. అదే టీ చేతి నుంచి తీగను ఊడదీశారో, అందరూ ఆగిపోతారు. టీని తీస్తే ఒక్కరు. తీగను తీస్తే అందరూ.

మరి తీగ అందరిదీ అయినప్పుడు, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే? ఈ ప్రశ్నకు జవాబు రేడియోలోంచే వచ్చింది. అందుకే ఈ సంగతి రేడియోలో చెప్పడం నాకు కొంచెం సరదాగా కూడా ఉంది.

పసిఫిక్ మహాసముద్రంలో హవాయి దీవులున్నాయి. అక్కడి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రాంసన్ అనే ఆచార్యుడు 1971లో దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపాడు. దాని పేరు అలోహా నెట్. అందరికీ ఒకే ఫ్రీక్వెన్సీ. ఎవరికి మాట ఉంటే వాళ్లు పంపెయ్యడమే. రెండు మాటలు గుద్దుకుంటే రెండూ పాడవుతాయి. జవాబు రాకపోతే కాసేపు ఆగి మళ్లీ పంపాలి. బాబ్ మెట్‌కాఫ్ అనే కుర్రాడు దీని మీద పరిశోధన చేశాడు. తరవాత జిరాక్స్ కంపెనీవాళ్ల పరిశోధన కేంద్రంలో 1973 మే 22న ఒక నోటు టైపు చేశాడు. గాలిలో నడిచిన ఈ పద్ధతిని తీగలోకి దింపుదాం అన్నది దాని సారం. దానికి ఈథర్‌నెట్ అని పేరు పెట్టాడు. డేవిడ్ బాగ్స్ అనే సహచరుడితో కలిసి దాన్ని నడిపించాడు. తీగలో ఒక సుఖముంది. మాట్లాడేముందు చెవి పెట్టి వినొచ్చు, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగొచ్చు. మాట్లాడుతూ మాట్లాడుతూ కూడా వినొచ్చు. గుద్దుకుందని తెలిస్తే వెంటనే ఆపి, ఎవరికి తోచినంత సేపు వాళ్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మొదట వచ్చిన ఈథర్‌నెట్ తీగ మాత్రం బండది. వేలెడు లావు. వంచాలంటే బలం కావాలి, కొనాలంటే డబ్బు కావాలి. పెద్ద సంస్థలకే అది. మెట్‌కాఫ్ పెట్టిన త్రీకామ్ కంపెనీ 1982లో ఐబీఎం పీసీకి ఒక కార్డు తెచ్చింది. సన్న తీగతో, టీతో పని కానిచ్చేసింది. 1985లో ఆ పద్ధతికి ప్రమాణం కుదిరింది. ఆ సన్న తీగే ఆబిడ్స్ మేడమెట్లు ఎక్కింది.

ఇప్పుడు మూతల దగ్గరికొద్దాం. గోరంత మూత ఊడితే ఆఫీసంతా ఎందుకు ఆగాలి? తీగ తెగలేదు. టీలన్నీ ఉన్నాయి. చివర ఒక ఖాళీ మూతి తెరుచుకుంది, అంతే కదా?

దీనికి రెండు కారణాలు. మొదటిది చాలామందికి తెలిసిందే. ఒక తాడును గోడకున్న కొక్కేనికి కట్టి, ఇవతలి కొస పట్టుకుని ఒక్కసారి విదిలించండి. అల గోడదాకా పోతుంది. పోయి ఊరుకోదు, తిరిగొస్తుంది. తీగలో విద్యుత్ అల కూడా అంతే. చివర దాన్ని పీల్చుకునే దిక్కు లేకపోతే వెనక్కి మళ్లుతుంది. వెనక వస్తున్న అక్షరాల మీద పడుతుంది. ఈ తీగ స్వభావానికి సరిగ్గా సరిపోయే రెసిస్టరు 50 ఓములు. అది చివర ఉంటే అల అక్కడే వేడిగా మారి ఇంకిపోతుంది. తిరిగిరాదు.

రెండో కారణం అంతగా ఎవరూ చెప్పరు. నాకు మాత్రం ఇదే అసలు అందం అనిపిస్తుంది. మాటలు గుద్దుకున్నాయని కార్డుకు ఎలా తెలుస్తుంది? ఓల్టేజీ చూసి. ఒక కార్డు మాట్లాడుతున్నప్పుడు సగటున 40 మిల్లీ ఆంపియర్ల కరెంటు తీగలో నడిపిస్తుంది. తీగకు రెండు చివరలా రెండు మూతలు. ఒక్కోటి 50 ఓములు. రెండూ పక్కపక్కన పనిచేస్తాయి కాబట్టి కార్డుకు కనిపించేది అందులో సగం, పాతిక. పాతిక ఓముల మీద ఆ కరెంటు ఒక ఓల్టు చూపిస్తుంది. ఒక ఓల్టు అంటే ఒక్కరే మాట్లాడుతున్నట్టు. రెండు కార్డులు ఒకేసారి మాట్లాడితే రెండు ఓల్టులవుతుంది. రెండు ఓల్టులంటే గుద్దుకున్నట్టు.

ఇప్పుడు ఒక మూత తీసేయండి. పాతిక కాస్తా యాభై అయింది. ఒక్క కార్డు మాట్లాడినా ఓల్టేజీ రెండు. కార్డు ఏమనుకుంటుంది? ఎవరో నాతోపాటు మాట్లాడుతున్నారు అనుకుంటుంది. మర్యాదగా ఆగుతుంది. మళ్లీ మొదలుపెడుతుంది. మళ్లీ రెండు ఓల్టులు. మళ్లీ ఆగుతుంది. అలా 16 సార్లు ప్రయత్నించి చేతులెత్తేస్తుంది. తీగ మీద రెండో మనిషే లేడు. అయినా ప్రతి కార్డూ తన గొంతు విని తనే జడుసుకుంటోంది.

తీగ మధ్యలో తెగినా ఇదే జరుగుతుంది. అటు ముక్కకు ఒక మూత, ఇటు ముక్కకు ఒక మూత. రెండు ముక్కల్లోనూ యాభయ్యే. అందుకే తెగిన చోటికి అటూ ఇటూ ఉన్నవాళ్లు తమలో తాము కూడా మాట్లాడుకోలేరు. సగం ఆగి సగం నడవడం ఉండదు. అందరూ ఆగిపోతారు.

కాబట్టి ఈ లెక్క గుర్తుంచుకోండి. రెండు చివరలా రెండు మూతలు. ఒక్కో మూత యాభై. తీగ మీద ఎక్కడ కొలిచినా పాతిక. మెకానిక్ చేతిలో మల్టీమీటరు, నోట్లో ఈ ఒక్క మాట. పాతిక వచ్చిందా, లైను బాగుంది. యాభై వచ్చిందా, ఒక పక్క దారి పోయింది. సున్నా దగ్గర ఆడుతోందా, ఎక్కడో షార్టు.

నాంపల్లిలో ఒక ఆఫీసు ఊహించుకుందాం. పాత ఇల్లు, రెండు జానల మందం ఉన్న సున్నపు గోడలు. వాటికి బెజ్జం వెయ్యాలంటే సగం పూట పడుతుంది. అందుకని తీగ ద్వారబంధాల మీదుగా తిరిగి తిరిగి పోతుంది. పన్నెండు కంప్యూటర్లు. పొద్దున పదింటికి అందరి తెరల మీదా ఒకటే మాట వస్తుంది. నెట్‌వర్క్ ఎర్రర్. అబార్ట్ ఆర్ రీట్రై. మానేద్దామా, మళ్లీ చూద్దామా అని అడుగుతోంది కంప్యూటరు. అందరూ ఆర్ మీట నొక్కుతారు. మళ్లీ అదే మాట. "నాది ఆగింది." "నాదీ అంతే." "ఎవరు కదిపారండీ తీగను?" అని ఒకరినొకరు చూసుకుంటారు. ఎవరూ కదపలేదు. ఎప్పుడూ ఎవరూ కదపరు.

మెకానిక్ కుర్రాడు వస్తాడు. భుజాన సంచి. మేనేజరు గారు అప్పటికే బల్ల కింద దూరి ఏదో గుంజుతున్నారు.

"సార్, మీరు గుంజకుండ్రి. ఒక్క అయిదు నిమిషాలు అందర్నీ మెషిన్లు బంద్ చేయమనుండ్రి."

"అయిదు నిమిషాలే కదా తమ్మీ? బయట పార్టీ కూర్చుంది."

"జల్దీనే చేస్త సార్."

అతను మొదటి కంప్యూటరు దగ్గరికి పోడు, చివరిదానికీ పోడు. సరాసరి మధ్యలో ఉన్న ఆరో కంప్యూటరు దగ్గర కూర్చుంటాడు. టీ రెండు చేతుల తీగలూ ఊడదీస్తాడు. ఎడమ తీగ కొసకు మీటరు పెడతాడు. ఒక సూది నడిమి పిన్నుకు, ఒక సూది బయటి లోహానికి. యాభై. అంటే అటువైపు చివరి మూతదాకా దారి శుభ్రంగా ఉంది. కుడి తీగ కొసకు పెడతాడు. మీటరు ఏమీ చూపదు. దొంగ అటున్నాడు. ఆ కుడి సగంలో మళ్లీ మధ్యకు పోతాడు. మళ్లీ అదే పని. ఇలా ప్రతిసారీ సగం సగం తగ్గించుకుంటూ పోతే పన్నెండు కంప్యూటర్లలో మూడు నాలుగు చోట్ల కూర్చుంటే చాలు. ఒక్క తీగ మీద ముప్ఫై కంప్యూటర్లు దాటకూడదని ప్రమాణం. ముప్ఫై ఉన్నా అయిదు చోట్ల కూర్చుంటే దొరుకుతుంది.

తెలివైన కుర్రాడు ఇంకోటి కూడా చేస్తాడు. జేబులో ఎప్పుడూ ఒక మూత ఉంచుకుంటాడు. బాగున్న సగం తేలగానే, ఎడమ తీగను ఆరో కంప్యూటరు టీకి మళ్లీ తగిలించి, కుడిచేతిలో ఆ మూత పెట్టేస్తాడు. ఆ సగానికి రెండు చివరలా రెండు మూతలు పడ్డాయి. పాతిక కుదిరింది. సర్వరు ఆ సగంలో ఉంటే వాళ్ల పని మొదలవుతుంది. బయట కూర్చున్న పార్టీ పని అయిపోతుంది. మిగతాది నింపాదిగా చూసుకోవచ్చు.

చివరికి దొరికేది ఏమిటి? చాలాసార్లు చాలా చిన్న సంగతి. ఊడ్చేటప్పుడు చీపురు తగిలి టీ తిరిగింది. కుర్చీ చక్రం తీగ మీదికెక్కింది. పాత ఇళ్లలో ఎలుక. లేదా తీగ కొసన కనెక్టరు వేసిన తీరే బాగోలేదు.

ఆ కొస కథ కొంచెం దగ్గరగా చూద్దాం. తీగను అడ్డంగా కోసి చూస్తే నడిమధ్య రాగి తీగ. దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్. దాని చుట్టూ సన్నటి తీగలు జడలా అల్లిన జాలీ. పైన నల్లటి తొడుగు. మాట నడిచేది మధ్య రాగికీ ఈ జాలీకీ నడుమ. కనెక్టరు వెయ్యాలంటే ముందుగా ఒక చిన్న లోహపు గొట్టాన్ని తీగకు ఎక్కించాలి. అది మర్చిపోతే అంతా అయ్యాక మళ్లీ కోసి మొదలుపెట్టాలి. తొడుగు కోసి, జాలీని వెనక్కి దువ్వి, తెల్ల ప్లాస్టిక్ ఒలిచి, రాగికి పిన్ను తొడిగి నొక్కాలి. పిన్నును కనెక్టరు ఒంట్లోకి తోస్తే లోపల 'టక్' మంటుంది. ఆ చప్పుడు రాకపోతే పిన్ను సరిగ్గా కూర్చోలేదు. ఇప్పుడు జాలీని కనెక్టరు మెడ మీద సమంగా పరిచి, ముందు ఎక్కించిన గొట్టాన్ని దాని మీదికి జరిపి, క్రింపింగ్ టూల్‌తో గట్టిగా నొక్కాలి. జాలీలోంచి వెంట్రుకంత సన్నని ఒక్క పోగు లోపల పిన్నుకు తగిలిందా, షార్టు. ఆ ఒక్క పోగుకు పన్నెండుమంది ఆగిపోతారు.

ఆ టూల్ ధర ఎక్కువ. అందుకే బజారులో తిప్పి బిగించే కనెక్టర్లు కూడా దొరికేవి. టూల్ అక్కర్లేదు, మరలాగా తిప్పితే చాలు. వేసిన రోజు బ్రహ్మాండంగా పనిచేస్తాయి. నెల తిరిగేసరికి వదులవుతాయి. నన్నడిగితే ఈ తీగకు వచ్చిన చెడ్డపేరులో సగం ఆ తిప్పుడు కనెక్టర్లదే. తీగది కాదు.

ఇంకో సగం టీవీ తీగది. కేబుల్ టీవీ మన వీధుల్లోకి వచ్చింది కూడా అదే రోజుల్లో. ట్రూప్ బజార్‌లో ఆ తీగ చుట్టలు చుట్టలుగా వేలాడేది. ధర తక్కువ. చూడ్డానికి అన్నదమ్ములే. అది కూడా కోయాక్సే, లోపల అదే రాగి, అదే జాలీ. కానీ దాని స్వభావం 75 ఓములు. మన తీగ 50. ఈ రెండూ అతికిన ప్రతిచోటా కొంత అల వెనక్కి మళ్లుతుంది. చిత్రమేమిటంటే, మల్టీమీటరు దీన్ని పట్టుకోలేదు. మూతలు యాభైవే కాబట్టి మీటరు పాతికే చూపిస్తుంది. తీగ ఒంటి మీది అచ్చు చదవాలి. ఆర్‌జీ-58 అని ఉండాలి. మెకానిక్‌కు మీటరెంత ముఖ్యమో కళ్లద్దాలూ అంతే ముఖ్యం.

మరో రెండు మాటలు గబగబా చెప్పేస్తాను. టీ కాలు సరాసరి కార్డుకే తగలాలి. కార్డు దూరంగా ఉందని టీకీ కార్డుకూ మధ్య మూరెడు తీగ వేస్తే అదొక కొమ్మ అవుతుంది, అల దాంట్లోకి పోయి తిరిగొస్తుంది. రెండు టీల మధ్య కనీసం అర మీటరు తీగ ఉండాలి. మొత్తం తీగ 185 మీటర్లు దాటకూడదు. ఆబిడ్స్ జీపీఓ దగ్గర మొదలుపెట్టి నాంపల్లి స్టేషన్ వైపు లాగితే సగం దారి కూడా రాదు. ఒక ఆఫీసుకు మాత్రం దండిగా సరిపోతుంది.

ఎర్తు సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. రెండు మూతల్లో ఒకదానికి చిన్న గొలుసు వేలాడుతుంది. ఆ గొలుసును ఎర్తుకు కలపాలి. ఆ ఒక్కచోటే. రెండోచోట కలపకూడదు. పాత మేడల్లో కింది అంతస్తు ఎర్తు ఒకటి, పై అంతస్తు ఎర్తు ఇంకొకటి. రెండింటి మధ్య ఓల్టేజీ తేడా ఉంటుంది. తీగను రెండుచోట్లా ఎర్తుకు కలిపితే ఆ తేడా అంతా జాలీలో కరెంటై పారుతుంది. టీ ముట్టుకుంటే జివ్వుమంటుంది. కార్డులో తీగను పలకరించే ఒక చిప్పు ఉంటుంది, మామూలుగానే వేడిగా ఉంటుంది. అది మాడిపోతుంది. అందుకే టీలకు, కనెక్టర్లకు ప్లాస్టిక్ తొడుగులు వేసేవాళ్లు, ఇనప బీరువాకు తగలకుండా. గల్లీ మీదుగా ఎదురు మేడకు ఈ తీగ వేలాడదీయడం మరీ ప్రమాదం. వానాకాలంలో పిడుగు ఎక్కడో దూరంగా పడ్డా రెండు మేడల్లోనూ కార్డులు పోవచ్చు.

ఇన్ని తిప్పలున్న తీగను ఎందుకు వాడారు మరి? 1990లో టెలిఫోను తీగలాంటి మెలితీగతో ఇంకో పద్ధతి ప్రమాణమైంది. ఇప్పుడు మన ఇళ్లలో ఉన్నది దాని సంతానమే. అందులో ప్రతి కంప్యూటరుకూ సొంత తీగ. ఒకటి ఊడితే ఒకరే ఆగుతారు. కానీ ఆ తీగలన్నీ వచ్చి చేరడానికి మధ్యలో హబ్బు కావాలి. ఆ రోజుల్లో హబ్బంటే డబ్బు. ప్రతి కంప్యూటరు నుంచి హబ్బు దాకా తీగ లాగడం ఇంకో ఖర్చు. కోయాక్స్‌కు పక్క బల్లదాకా తీగ ఉంటే చాలు. ఈ తీగను ఇప్పుడు చాలామంది ఎగతాళి చేస్తారు, పీడకల అంటారు. ధర మర్చిపోయి మాట్లాడే మాట అది. మూడు కంప్యూటర్లున్న ఆఫీసు నెట్‌వర్కు పెట్టుకోగలిగింది దీని దయవల్లే. నెలకోసారి కుర్రాణ్ని పిలవడం హబ్బు కొనడం కన్నా చవక. యజమానులు లెక్క తెలిసే చేశారు. హబ్బుల ధరలు దిగిరాగానే ఎవరూ చెప్పకుండానే మారిపోయారు. మధ్యలో కొన్నేళ్లు రెండు మూతులున్న కార్డులు అమ్మారు. పాతదానికి ఒకటి, కొత్తదానికి ఒకటి.

అయితే ఒకే తీగను అందరూ పంచుకునే ఆలోచన చావలేదు. ఇంట్లో వైఫై చూడండి. గాలి ఒక్కటే, ఫోన్లు పది. వినాలి, ఆగాలి, మాట్లాడాలి. అబ్రాంసన్ హవాయిలో మొదలుపెట్టిన చోటికే వచ్చాం. ఇంకా ఆశ్చర్యం కార్లది. 2019లో ఈథర్‌నెట్‌కు ఒక కొత్త ప్రమాణం వచ్చింది. ఒక్క జత తీగ, దాని పొడవునా వరుసగా తగిలించిన చిన్న చిన్న పరికరాలు. వేగం చూస్తే సరిగ్గా మన నల్ల తీగ వేగమే, సెకనుకు కోటి బిట్లు. పాతిక మీటర్ల పొడవు, ఎనిమిది పరికరాలు దానికి కనీసపు లెక్క. కారులో అంతకన్నా ఏం కావాలి? ఒక్క మార్పు చేశారు. గుద్దుకున్నాక ఆగడం కాకుండా, వంతులు వేశారు. ఒకరి తరవాత ఒకరు మాట్లాడాలి. ప్రతి సెన్సారుకూ వేరే తీగ వేస్తే బరువు, ఖర్చు. అందుకని మళ్లీ ఒకే తీగ. ఆబిడ్స్ డీటీపీ సెంటరు యజమాని వేసుకున్న లెక్కే ఇప్పుడు కార్ల ఇంజనీర్లు వేసుకుంటున్నారు. ఆ తీగకూ రెండు చివరలా రెసిస్టర్లు పెట్టాలి సుమా.

ఇక పాత తీగ. మీ ఆఫీసు అటక మీదో, ఇంట్లో స్టోరు గదిలోనో ఆర్‌జీ-58 చుట్ట ఒకటి పడి ఉండొచ్చు. పారెయ్యకండి. హ్యామ్ రేడియో వాళ్లు, అంటే అభిరుచిగా సొంత రేడియో సెట్టు నడిపేవాళ్లు, తమ సెట్టు నుంచి యాంటెన్నాకు వేసుకునే తీగల్లో ఇదీ ఒకటి, వాళ్లకు కావలసిందీ 50 ఓములే. హ్యామ్‌ల జాతీయ సంస్థ మన హైదరాబాదులోనే ఉంది, అడిగితే తీసుకునేవాళ్లు దొరుకుతారు. ఇచ్చేముందు తొడుగు పగిలిందేమో చూడండి. పగిలిన చోట నీరు దిగి జాలీ నల్లబడి ఉంటే ఆ ముక్క కోసెయ్యండి. టీలు కూడా పరీక్షలకు పనికొస్తాయి.

మూతలు ఇచ్చేటప్పుడు మాత్రం ఒక మాట చెప్పి ఇవ్వండి. మీటరు పెడితే అది యాభయ్యే చూపిస్తుంది. అది చూసి యాంటెన్నా బదులు దాన్ని తగిలించి సెట్టును పరీక్షించాలని ఎవరికైనా బుద్ధి పుట్టొచ్చు. చేతిలో పట్టే హ్యామ్ సెట్టు కూడా అయిదు వాట్లు పంపుతుంది. ఆ మూతలో రెసిస్టరు అర వాటుకు మించి మోయలేదు. బటన్ నొక్కిన కాసేపటికే కాలిన వాసన వస్తుంది.